టోర్షన్ యాక్సిలా, కమాన్ కట్టలా: మన రోడ్ల మీద తిరిగే క్యాంపింగ్ ట్రైలర్‌కు ఏది వేయించాలి

హాలియా వైపు నుంచి రాసిన మిత్రులు అడిగిన సంగతిని ముందుగా క్లుప్తంగా చెబుతాను. వారు బొలేరో వెనుక తగిలించుకొని, భార్యాపిల్లలతో నాగార్జునసాగర్, సోమశిల, శ్రీశైలం వైపు వెళ్లిరావడానికి ఒక చిన్న క్యాంపింగ్ ట్రైలర్ చేయించుకోవాలనుకుంటున్నారు. హైదరాబాదులో ట్రైలర్లు కట్టే ఆయన టోర్షన్ యాక్సిల్ (లోపలి రబ్బరే స్ప్రింగుగా పనిచేసే ఇరుసు) వేయించుకోమని, ఖర్చు కొంత ఎక్కువైనా బండి మెత్తగా నడుస్తుందని, ఆ తరువాత జీవితాంతం దాని వంక చూడనక్కరలేదని చెప్పారు. వారి బావమరిది లారీలు నడిపిస్తారు, ఆయన మాత్రం కమాన్ కట్టలు (లారీల కింద ఉండే వంపు ఉక్కు పట్టీల స్ప్రింగులు) తప్ప మరొకటి మన రోడ్లకు ఆగదని పట్టుబడుతున్నారు. ఇంతలో విదేశం నుంచి వచ్చిన పాత క్యారవాన్ ఒకటి, రెండు ఇరుసులది, అందుబాటు ధరకు వస్తోందట. దానికి ఉన్నవి కూడా టోర్షన్ యాక్సిళ్లే.

గల్ఫ్‌లో ట్రైలర్ల వర్క్‌షాపులో పనిచేసి వచ్చి, చాలా ఏళ్లుగా మహబూబ్‌నగర్‌లో ట్రాక్టర్ డబ్బాలు, జనరేటర్ ట్రైలర్లు, ఈమధ్య క్యాంపింగ్ ట్రైలర్లు కడుతున్న మనిషిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒకే ఇరుసు ఉన్న ట్రైలర్ అయి, దాని నిండు బరువు ఎంతో మీరు కాంటా మీద తూచి తెలుసుకోగలిగితే, టోర్షన్ యాక్సిల్ మంచి వస్తువు, ధైర్యంగా వేయించుకోవచ్చు. బరువు సంగతి తేలనప్పుడు, లేదా ఇరుసులు రెండు ఉన్నప్పుడు, మన జిల్లాల రోడ్ల మీద కమాన్ కట్టలదే పైచేయి. అంటే మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు. ఎందుకో అర్థం కావాలంటే ఆ యాక్సిల్ లోపల ఏముందో చూడాలి.

టోర్షన్ యాక్సిల్‌ను అడ్డంగా కోసి చూస్తే బయట ఒక చదరపు ఇనుప గొట్టం, దాని నడుమ ఇంకో చిన్న చదరపు కడ్డీ కనిపిస్తాయి. లోపలి కడ్డీని బయటి గొట్టానికి 45 డిగ్రీలు తిప్పి ఉంచుతారు కాబట్టి కడ్డీ మూలలు గొట్టం గోడల మధ్యకు వస్తాయి, గొట్టం నాలుగు మూలల్లో నాలుగు ఖాళీలు మిగులుతాయి. ఆ నాలుగు ఖాళీల్లో నాలుగు గుండ్రటి రబ్బరు కడ్డీలను బలంగా బిగించి ఉంచుతారు. లోపలి కడ్డీ చివర ఒక చేయి, ఆ చేయి చివర హబ్బు, హబ్బుకు చక్రం. చక్రం గుంతలో దిగినా గట్టెక్కినా చేయి పైకి కిందికి ఆడుతుంది, చేయితోపాటు లోపలి కడ్డీ మెలి తిరుగుతుంది, ఆ మెలికను నాలుగు రబ్బర్లు నలిగి అడ్డుకుంటాయి. స్ప్రింగు పని మొత్తం ఆ రబ్బరుదే. కొన్ని కర్మాగారాల్లో ఈ రబ్బరును ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి సన్నబరిచి గొట్టంలోకి దూర్చుతారు. మామూలు వేడికి వచ్చాక అది ఉబ్బి బిగుసుకుంటుంది. ఈ వివరం గుర్తుంచుకోండి. రబ్బరు పోతే గొట్టం విప్పి మార్చే పని మన వర్క్‌షాపుల్లో కుదరదు, యాక్సిల్ మొత్తం మార్చాల్సిందే.

ఇక్కడ ఒక గందరగోళం తొలగించాలి. పాత టాటా సుమో ముందు చక్రాలకు ఉండే టోర్షన్ బార్ ఉక్కు కడ్డీ. స్విఫ్ట్ లాంటి కార్ల వెనుక ఉండే టోర్షన్ బీమ్ వేరే అమరిక. మెకానిక్ ఈ రెండింటిలో దేని అనుభవంతోనో ట్రైలర్ యాక్సిల్ గురించి చెబుతుంటే ఆ మాట దీనికి వర్తించదు.

దీని లాభాల్లో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది చక్రాలు విడివిడిగా ఆడటానికి. కమాన్ కట్టల మీద కూర్చున్న ఇరుసు ఒకే దూలం కనుక ఎడమ చక్రం గుంతలో పడితే కుడి చక్రం కూడా వాలుతుంది, డబ్బా మొత్తం పక్కకు ఊగుతుంది. టోర్షన్ యాక్సిల్‌లో ఎడమ చేయి పని ఎడమ చేయిదే. తారు అంచు కొరుక్కుపోయిన మన సింగిల్ రోడ్ల మీద, ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చినప్పుడు ఎడమ చక్రాలను మట్టిలోకి దింపి మళ్లీ ఎక్కించాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ తేడా డ్రైవరుకు స్పష్టంగా తెలుస్తుంది. పైగా రబ్బరు నలిగి తిరిగి సాగేటప్పుడు కొంత శక్తిని తానే వేడిగా మింగేస్తుంది కాబట్టి, తారు రోడ్డు వాడకానికి విడిగా షాక్ అబ్జార్బర్లు లేకపోయినా ట్రైలర్ ఎగిరెగిరి పడదు. తేలికపాటి ట్రైలర్లకు కమాన్ కట్టలు వేసి షాక్ అబ్జార్బర్లు మానేసినప్పుడు లోపల అల్మారా తలుపులు తెరుచుకోవడం, ప్లైవుడ్ కీళ్లు వదులు కావడం, పొయ్యి మీటల స్క్రూలు ఊడిరావడం చూస్తూనే ఉంటాం.

రెండో లాభం, రాపిడి పడే విడిభాగాలు లేకపోవడం. కమాన్ కట్టకు కంటి బుష్షులు, షాకిళ్లు (కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే లంకెలు), పిన్నులు, యూ బోల్టులు, సెంటర్ బోల్టు ఉంటాయి. వీటిలో బుష్షు అరగడం, పిన్ను రంధ్రం కోలగా మారడం, యూ బోల్టు వదులు కావడం మామూలు. చౌక ట్రైలర్లలో వేసే నైలాన్ బుష్షులు దుమ్ము రోడ్ల మీద త్వరగా అరిగిపోతాయి. టోర్షన్ యాక్సిల్‌కు ఇవేవీ లేవు. అయితే జీవితాంతం చూడనక్కరలేదన్న మాటను మాత్రం నమ్మకండి. హబ్బు బేరింగులు, ఆయిల్ సీళ్లు, బ్రేకు లైనింగులు దీనికీ ఉంటాయి, వాటికి గ్రీజు, పరీక్ష మామూలుగానే కావాలి. అమెరికా నుంచి వచ్చే 3,500 పౌండ్ల యాక్సిల్ హబ్బుల్లో ఎక్కువగా ఎల్ 68149, ఎల్ 44649 నంబర్ల బేరింగులు ఉంటాయి. హబ్బు విప్పి నంబర్లు చూసి, ఒక జత బేరింగులు, సీళ్లు డబ్బాలో పెట్టుకొని బయలుదేరడం మంచిది.

మూడోది ఎత్తు. ఛాసిస్‌కు, ఇరుసుకు మధ్య కమాన్ కట్ట మందం ఉండదు కాబట్టి డబ్బాను కిందికి దించి కట్టవచ్చు. గాలి ఒరిపిడి, మలుపుల్లో ఒరగడం రెండూ తగ్గుతాయి. మన్ననూరు దాటి నల్లమలలో దోమలపెంట వైపు దిగే మలుపుల్లో తక్కువ ఎత్తు ట్రైలర్ ఎంత నిశ్చింతగా వెంట వస్తుందో నడిపినవారికే తెలుస్తుంది. కానీ అదే ట్రైలర్ పొలం గట్టు దారిలో కింద తగులుతుంది. దీనికి విరుగుడు చేయి కోణం ఎంచుకోవడంలో ఉంది. ఖాళీ బండికి చేయి నేలకు సమాంతరంగా ఉండేలా, లేదా కిందికి 22.5 డిగ్రీలు, లేదా 45 డిగ్రీలు వంగి ఉండేలా తయారీదారుకు ముందే చెప్పి తెప్పించుకోవచ్చు. చేయి పొడవు 150 మిల్లీమీటర్లు అనుకుంటే, 22.5 డిగ్రీల చేయి చక్రం నడిబొడ్డును గొట్టం కంటే 57 మిల్లీమీటర్లు కిందికి ఉంచుతుంది, 45 డిగ్రీల చేయి 106 మిల్లీమీటర్లు కిందికి ఉంచుతుంది. అంటే దాదాపు రెండు అంగుళాల ఎత్తు, చక్రం మార్చకుండా, ఛాసిస్ ముట్టకుండా దొరుకుతుంది. సోమశిల రేవు దగ్గర మట్టి దారుల్లోకి దిగాలనుకునేవారికి నేను 45 డిగ్రీలే చెబుతాను. చేయి ఎప్పుడూ గొట్టం వెనుక వైపుకే ఉండాలి. తిరగేసి ముందుకు బిగిస్తే గుంత తగిలినప్పుడు చక్రం వెనక్కి, పైకి తప్పుకోవడానికి బదులు దెబ్బకు ఎదురు వెళుతుంది.

నష్టాల్లో పెద్దది బరువు దగ్గర మొదలవుతుంది. కమాన్ కట్ట మీద ఎక్కువ బరువు వేస్తే పట్టీ వంపు పోయి చదునుగా సాగి కంటికి కనిపిస్తుంది, ఇంకో పట్టీ చేర్పిస్తే తేరుకుంటుంది. టోర్షన్ రబ్బరు మీద మోతకు మించి బరువు వేసి తిప్పితే అది నలిగిన రూపంలోనే శాశ్వతంగా కుదురుకుంటుంది. బయటికి మాత్రం ఇనుప గొట్టమే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు. ఇరుసు ఖాళీ నుంచి నిండు బరువు దాకా రావడానికి చేయి సాధారణంగా 20, 25 డిగ్రీలు తిరుగుతుంది, ఆ పైన గుంతలకోసం మిగిలే ఆట కొద్దిగానే ఉంటుంది. బరువుతోనే ఆ ఆటను తినేస్తే ప్రతి గుంత దెబ్బా నేరుగా ఛాసిస్‌కు తగులుతుంది.

దీనికి భయపడి మనవాళ్లు ఉల్టా పని చేస్తారు: బలంగా ఉంటుందని అవసరానికి మించిన యాక్సిల్ కొంటారు. హాలియా మిత్రుల లెక్కే తీసుకుందాం. ఖాళీ డబ్బా 700 కిలోలు ఉంటుందని కట్టేవారు చెప్పారు. మన వైపు ఫ్లోరైడ్ నీళ్లకు భయపడి ఇంటి నుంచే తాగునీళ్లు తీసుకెళ్లే అలవాటు ఉంది కాబట్టి 100 లీటర్ల ట్యాంకు అంటే 100 కిలోలు. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్కటే 60 కిలోల దాకా ఉంటుంది. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ ఇనుముతో కలిపి దాదాపు 30. కిటికీ ఏసీ 50, స్టెప్నీ చక్రం 20, పరుపులు, గిన్నెలు, బియ్యం, మడత కుర్చీలు, పిల్లల సామాను కలిపి 120 అనుకుంటే మొత్తం 1,080 కిలోలు. ఇందులో పదోవంతు, అంటే 108 కిలోలు బండి కొక్కెం మీద పడితే, ఇరుసు మోసేది 972 కిలోలు. దీనికి 1,200 కిలోల యాక్సిల్ వేస్తే సుమారు 81 శాతం మోత పడుతుంది. రబ్బరు సరిగ్గా పనిచేసే చోటు అదే. మార్కెట్లో సులువుగా దొరుకుతుందని 3,500 పౌండ్లది, అంటే 1,588 కిలోలది వేస్తే మోత 61 శాతమే. చేయి తిరగాల్సినంత తిరగదు, రబ్బరు రాయిలాగే ఉంటుంది, మెత్తదనం కోసం ఎక్కువ డబ్బు పెట్టి గట్టిదనం కొనుక్కున్నట్టవుతుంది. అదే కొలత గొట్టంలో తక్కువ మోతకు తగిన రబ్బరు ఎక్కించి ఇచ్చే తయారీదారులు ఉన్నారు. ఆర్డరు ఇచ్చేటప్పుడు మోత అంకెను కిలోల్లో రాయించండి, యాక్సిల్ మీద ఆ అంకె ఉన్న ప్లేటు లేకపోతే తీసుకోకండి.

కాగితం మీద లెక్క ఎలా ఉన్నా తూకం తప్పనిసరి. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర వే బ్రిడ్జీలకు కొదవ లేదు. ధాన్యం సీజన్ కాని రోజున వెళితే ఐదు నిమిషాల పని. ట్యాంకు నింపి, ప్రయాణానికి వేసుకునే సామానంతా వేసి, ముందు బండి, ట్రైలర్ కలిపి తూచండి. తరువాత బండిని ముందుకు జరిపి ట్రైలర్ చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా ఆపి, కొక్కెం విప్పకుండానే తూచండి. ఇరుసు మోసే బరువు ఇదే. ఆ తరువాత ట్రైలర్ ఎడమ చక్రం మాత్రమే కాంటా పలక మీద, కుడి చక్రం పక్క గచ్చు మీద ఉండేలా పెట్టించండి. పలక, గచ్చు ఒకే మట్టంలో ఉన్నచోటే ఈ లెక్క సరిగ్గా వస్తుంది. ఎడమ, కుడి మధ్య 50 కిలోలకు మించి తేడా ఉంటే బ్యాటరీనో నీళ్ల ట్యాంకునో జరపాల్సిందే, ఎందుకంటే టోర్షన్ యాక్సిల్‌లో ఏ వైపు రబ్బరు ఆ వైపు బరువునే మోస్తుంది, ఎక్కువ మోసిన వైపు ముందుగా చచ్చిపోతుంది. పెద్ద వే బ్రిడ్జి 10 కిలోల మెట్టులో చూపిస్తుంది కాబట్టి కొక్కెం మీద పడే బరువుకు అది పనికిరాదు. దానికి పత్తి వ్యాపారుల దగ్గర ఉండే బస్తాల కాంటా చాలు. బండి కొక్కెం ఎత్తుకు సరిపడే కర్రమొద్దును కాంటా మీద నిలబెట్టి, ట్రైలర్ ముక్కును దాని మీద ఆనించి చూడండి.

తరువాతి నష్టం ఛాసిస్‌కు సంబంధించింది. కమాన్ కట్ట తన బరువును ముందొక చోట, వెనకొక చోట, రెండు హ్యాంగర్ల ద్వారా ఛాసిస్ మీద పంచుతుంది. టోర్షన్ యాక్సిల్ మోతంతా ఒక్కో వైపు ఒక్క బ్రాకెట్టు దగ్గరే పడుతుంది, పైగా చేయి తిరిగిన ప్రతిసారీ ఆ బ్రాకెట్టు ఛాసిస్ గొట్టాన్ని మెలిపెడుతుంది. 3 మిల్లీమీటర్ల మందం పెట్టె గొట్టంతో తేలికగా కట్టిన ఛాసిస్‌కు బ్రాకెట్టు నేరుగా అతికిస్తే, వెల్డింగ్ అంచు వెంట వెంట్రుకవాసి పగులు మొదలై, రంగు కింద తుప్పు గీతలా కనిపిస్తుంది. బ్రాకెట్టు ముందూ వెనకా కనీసం ఒక జానెడు పొడవున అదనపు పట్టీ వేయించి, ఇరుసుకు దగ్గరగా అడ్డదూలం పెట్టించాలి. గొట్టం అవసరం లేకుండా ఒక్కో చక్రానికి విడిగా వచ్చే సగం యాక్సిళ్లు వేయించుకుంటే ఈ జాగ్రత్త రెండింతలు కావాలి, ఎందుకంటే రెండు వైపులనూ కలిపి పట్టే గొట్టం అప్పుడు ఉండదు.

యాక్సిల్ గొట్టం మీద మాత్రం వెల్డింగ్ రాడ్డు తగలనివ్వకండి. బ్రేకు పైపు క్లిప్పు కోసమో, మడ్‌గార్డు ఆసరా కోసమో మన వెల్డర్లు దగ్గర్లో ఏ ఇనుము కనిపిస్తే దానికే టాకా వేస్తారు. లోపల రబ్బరు ఉందన్న సంగతి వారికి తెలియదు. ఆ వేడికి అక్కడి రబ్బరు మాడి పట్టు వదిలేస్తుంది. బ్రాకెట్లు కర్మాగారం నుంచే గొట్టానికి అతికి రావాలి, ఛాసిస్‌కు వాటిని బోల్టులతో బిగించాలి. జాకీ కూడా గొట్టం కింద పెట్టకూడదు, ఛాసిస్ కిందే పెట్టాలి. గొట్టం కొద్దిగా వంగినా రెండు చక్రాల కోణాలు మారిపోతాయి, టైరు ఒక అంచు అరగడం మొదలవుతుంది, దాన్ని సరిచేసే పద్ధతి మన అలైన్‌మెంట్ కేంద్రాల్లో లేదు.

రబ్బరుకు శత్రువులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. మంచు దేశాల్లో చలికి రబ్బరు బిగుసుకుంటుందని ఫిర్యాదు చేస్తారు, ఆ సమస్య నల్లగొండకు లేదు. ఎండాకాలంలో 44, 45 డిగ్రీల వేడి మాత్రం రబ్బరు ముసలితనాన్ని తొందరపెడుతుంది. గొట్టం లోపల ఉండటం వల్ల ఎండ నేరుగా తగలదన్నది కొంత మేలు. దానికంటే ప్రమాదం సర్వీసింగ్ స్టేషన్లో జరుగుతుంది. వాటర్ సర్వీసింగ్ అయ్యాక తుప్పు పట్టకుండా బండి అడుగుకు డీజిలో, వాడేసిన ఇంజిన్ ఆయిలో కొట్టే అలవాటు అన్ని ఊళ్లలో ఉంది. కమాన్ కట్టకు దానివల్ల నష్టం లేదు, పట్టీల మధ్య కిర్రుమనడం కూడా తగ్గుతుంది. సహజ రబ్బరు మాత్రం నూనెలను పీల్చి ఉబ్బి మెత్తబడిపోతుంది. చేయి గొట్టంలోకి దూరే చోట ఆ నూనె లోపలికి ఎక్కితే యాక్సిల్ ఆయుష్షు సగానికి పడిపోవచ్చు. కడిగించండి, ఆరనివ్వండి, అక్కడితో ఆపించండి.

ఇంకో సంగతి, క్యాంపింగ్ ట్రైలర్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటి ముందు నిలబడే ఉంటుంది. సామానంతా లోపల ఉంచి నెలలతరబడి అలాగే వదిలేస్తే రబ్బరు నలిగిన రూపంలోనే ఉండిపోతుంది. ట్యాంకు ఖాళీ చేసి, ఛాసిస్ నాలుగు మూలల కింద స్టాండ్లు పెట్టి, చక్రాల మీద భారం తగ్గించి ఉంచాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా రబ్బరు యాక్సిల్‌కు వయసు ఉంది. ఇరవై ఏళ్లు దాటిన దాన్ని నేను అనుమానంతోనే చూస్తాను. అమెరికాలో 1960లు, 70ల నాటి ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లను బాగు చేసుకునేవారు మొదట పెట్టుకునే పనుల్లో యాక్సిళ్ల మార్పిడి ఒకటి. కమాన్ కట్ట ఇరుసుకు ఆ గడువు లేదు. పట్టీలు మార్చుకుంటూ పోతే ఇనుము ఉన్నంతకాలం ఉంటుంది.

రోడ్డు మీద చెడిపోతే ఏమిటన్న ప్రశ్నలో మీ బావమరిది గారి మాటకు పూర్తి బలం ఉంది. జాతీయ రహదారి మీద చిట్యాల, సూర్యాపేట, జడ్చర్ల లాంటి ఊళ్లలో కమాన్ పని చేసేవారు దొరుకుతారు. మెయిన్ పట్టీ విరిగినా, కర్రమొద్దు పెట్టి గొలుసు చుట్టి, పది కిలోమీటర్ల వేగంతో అక్కడిదాకా ఈడ్చుకుపోవచ్చు. లారీవాళ్లు చేసేది అదే. టోర్షన్ యాక్సిల్ అలా హఠాత్తుగా విరగడం అరుదే. అది మెల్లగా కుంగి, టైరు మడ్‌గార్డుకు రాసుకునేదాకా వచ్చి తెలియజేస్తుంది. కానీ పెద్ద గుంతలో పడి చేయో, హబ్బు కడ్డీయో వంగితే అక్కడికక్కడ చేయగలిగింది లేదు, ట్రైలర్‌ను లారీ మీద ఎక్కించి తేవాల్సిందే, కొత్త యాక్సిల్ వచ్చేదాకా వారాలు ఆగాల్సిందే. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసే అమ్రాబాద్ అడవి రోడ్డు మీద ఇది ఆలోచించాల్సిన విషయం. ఇంకా ఒక మాట: ఘాట్ దిగే ఉద్దేశం ఉన్నప్పుడు, ఏ యాక్సిల్ అయినా సరే, ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి. 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రేకు ఉండాలని యూరప్‌లో నియమమే ఉంది. మీది వెయ్యి దాటుతోంది.

ఇక రెండు ఇరుసుల క్యారవాన్ సంగతి. కమాన్ కట్టల మీద రెండు ఇరుసులు వేసినప్పుడు ముందు కట్ట వెనుక చివర, వెనుక కట్ట ముందు చివర ఒకే ఈక్వలైజర్‌కు తగిలించి ఉంటాయి. పిల్లలు ఆడే ఎక్కుడు దిగుడు పలకలా అది ఒక వైపు లేస్తే రెండో వైపు దిగి, రెండు ఇరుసుల మీదా బరువును సమానంగా ఉంచుతుంది. టోర్షన్ యాక్సిళ్ల మధ్య అలాంటి లంకె ఏదీ లేదు. ముందు చక్రం స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు రబ్బర్లు మొత్తం బరువులో అత్యధిక భాగం మోస్తాయి, వెనుక చక్రాలు తేలిపోతాయి. దిగేటప్పుడు మోత వెనుక వాటి వంతు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఆ కొలతలో కడితే ట్రైలర్ మెల్లగా ఎక్కి దిగుతుంది. మన ఊళ్లలో బడి ముందు, గుడి ముందు, గ్రామ పంచాయతీ ముందు పోసినవి అదే ఎత్తులో, రెండు అడుగుల వెడల్పులో, గోడలా నిలబడి ఉంటాయి. హాలియా నుంచి సాగర్ వెళ్లే లోపే ఎన్ని వస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. చేయి నిండు ఆటే రెండు అంగుళాల పైచిలుకు ఉన్నచోట నాలుగు అంగుళాల గట్టు ఎక్కితే ఏమవుతుందో ఊహించండి.

అందుకే రెండు టోర్షన్ యాక్సిళ్ల ట్రైలర్‌ను రసమట్టం పెట్టి నేలకు సమంగా లాగాలని తయారీదారులు గట్టిగా చెబుతారు. మీ బొలేరో కొక్కెం ఎత్తుగా ఉండి ట్రైలర్ ముక్కు పైకి లేస్తే వెనుక ఇరుసు, ముక్కు దిగితే ముందు ఇరుసు ఎప్పటికీ ఎక్కువ మోస్తూనే ఉంటుంది. విదేశాల్లో వెడల్పైన సమతల రోడ్ల మీద రెండు టోర్షన్ యాక్సిళ్ల క్యారవాన్లు ఏళ్లతరబడి చక్కగా తిరుగుతాయి, బ్రేకు వేసినప్పుడు కమాన్ కట్టల్లా ఒక ఇరుసు ఎగరడం కూడా వాటిలో ఉండదు. అది అక్కడి రోడ్డుకు సరైన ఎంపిక. ఆ బండిని మన ఊరి స్పీడ్ బ్రేకర్ల మధ్యకు తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. దానికి తోడు అంత బరువున్న క్యారవాన్‌ను బొలేరోతో లాగడం వేరే ప్రశ్న. కంపెనీ మాన్యువల్లో లాగే బరువు పరిమితి ఎంత రాశారో ముందు చూడండి.

అయినా ఆ పాత క్యారవాన్ మీద మనసు పడితే, కొనే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటి ఉంది. ట్రైలర్‌ను గచ్చు మీద నిలిపి, చక్రం వెనుక పడుకొని టార్చి వేసి చూడండి. గొట్టం నడిబొడ్డు నుంచి హబ్బు నడిబొడ్డుకు చేయి ఏ వాలులో ఉందో సెల్‌ఫోన్‌లోని కోణమానిని ఆనించి కొలవండి. కొత్తలో కిందికి 22.5 డిగ్రీలు ఉండాల్సిన చేయి ఖాళీ బండికే సమాంతరాన్ని దాటి పైకి తిరిగి ఉంటే రబ్బరు పని అయిపోయింది. ఇప్పుడు ఛాసిస్ కింద జాకీ పెట్టి మెల్లగా లేపండి. ఛాసిస్ లేస్తుంటే చక్రం కాసేపు నేలను అంటిపెట్టుకొని ఉండి, చేయి కిందికి దిగుతూ రావాలి. ఛాసిస్‌తోపాటే చక్రం కూడా టక్కున నేల వదిలిందంటే లోపల రబ్బరు గడ్డకట్టి, అది ఇరుసుగా మిగిలిందే తప్ప స్ప్రింగుగా లేదు. నాలుగు చక్రాలకూ విడివిడిగా చూడండి, నాలుగు కోణాలూ కాగితం మీద రాసుకోండి. ఒకటి మిగతా వాటికంటే తేడాగా ఉంటే ఆ వైపు ఎప్పుడో అధిక బరువు మోసింది. టైరు గోడ మీద ఉండే నాలుగంకెల తేదీ కూడా చూడండి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. చేతులు పైకి తిరిగి ఉన్నాయని తేలితే, రెండు యాక్సిళ్ల ధర, తెప్పించే ఖర్చు, బిగించే కూలి ముందే తెలుసుకొని, ఆ మొత్తాన్ని వారు చెప్పిన ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి. అంతకు వారు దిగిరాకపోతే, 1,200 కిలోల ఒకే యాక్సిల్, 45 డిగ్రీల చేయి, దిట్టమైన ఛాసిస్‌తో కొత్త ట్రైలర్ కట్టించుకోవడమే మీకు మేలు. ఆర్డరు ఇచ్చే ముందు ఛాసిస్ బొమ్మ, బ్రాకెట్ల కొలతలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను.